దుప్పటి ముడత

మా రోజుల్లో వార్డులో దేవుడి పేరు గట్టిగా ఎత్తేవాళ్లం కాదు. పొద్దున ఆరున్నరకి ప్రార్థన గంట మోగేది. ఒక పాట, ఒక వాక్యభాగం, మాట్రనమ్మ చిన్న ప్రార్థన, అంతా కలిపి పది నిమిషాలు. ఏడయ్యేసరికి ఎవరి మంచాల దగ్గర వాళ్లం ఉండాలి. ఆ పది నిమిషాల్లో మేము చెప్పిన ఆమెన్ నిజమో కాదో మాట్రనమ్మ మిగతా రోజంతా వార్డులో చూసుకునేది. నడుస్తూ నడుస్తూ ఏదో ఒక మంచం దగ్గర ఆగి, రోగి వీపు కిందికి అరచెయ్యి పోనిచ్చి దుప్పటి తడిమేది. ముడత తగిలితే తిట్టేది కాదు. "మళ్లీ పరువమ్మా" అనేది. రోగిని ఒక పక్కకి తిప్పి, దుప్పటి ఊడదీసి, నాలుగు మూలలూ లాగి బిగించేదాకా అక్కడే నిలబడేది.

దుప్పటి ముడత ఏం చేస్తుందో మంచాన పడ్డ మనిషిని అడగండి. కండ కరిగిపోయిన వీపుకి ఆ చిన్న మడతే రాత్రంతా ఒత్తుకుంటుంది. తెల్లారేసరికి అక్కడ ఎర్రగా కందుతుంది. పట్టించుకోకపోతే తోలు లేస్తుంది, పుండు పడుతుంది, చివరికి ఎముక కనపడేదాకా పోతుంది. అందుకే రెండు గంటలకోసారి రోగిని పక్కకి తిప్పాలి. అప్పట్లో వీపు సబ్బునీళ్లతో తుడిచి, స్పిరిట్ రాసి, ఆరాక పౌడరు అద్దేవాళ్లం. పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి. రాత్రి రెండింటికి వార్డులో ఎవరు చూస్తారు? రోగి నిద్రలో ఉంటాడు, డాక్టరు గదిలో ఉంటాడు, మాట్రనమ్మ క్వార్టర్సులో ఉంటుంది. ఆ రెండు గంటల వేళ లేచి వెళ్లి రోగిని తిప్పడమే మా భక్తి అని మాకు నేర్పారు.

నేను 1966లో, పద్దెనిమిదేళ్లప్పుడు, రేకు పెట్టె పట్టుకుని గుంటూరు వచ్చాను. మాది ఒంగోలు పక్క పల్లె. అప్పటికి ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోదే, ఇప్పుడు ప్రకాశం అంటున్న జిల్లా 1970లో వచ్చింది. గుంటూరులో మిషన్ ఆసుపత్రి అంటే అన్నా కుగ్లర్ పేరు చెప్పుకోవాలి. 1883లో ఆమె అమెరికా నుంచి వచ్చినప్పుడు పంపించిన మిషన్‌వాళ్లు వైద్యం కోసం పంపలేదు, ఆడవాళ్లకి చదువు చెప్పమని పంపారు. చదువుకున్న డాక్టరు ఆమె. కళ్లముందు బాలింతలు చనిపోతుంటే చూస్తూ ఊరుకోలేక వైద్యం మొదలుపెట్టింది. పదిహేనేళ్లు పట్టింది ఆసుపత్రి తలుపు తెరవడానికి, అది 1898. ఆమె 1930లో ఈ గుంటూరులోనే కన్నుమూసింది. నేను వెళ్లేటప్పటికి ఆమెను చూసినవాళ్లు ఒకరిద్దరే మిగిలారు. వాళ్లు ఆమె చెప్పిన ప్రసంగాలు ఏవీ చెప్పేవాళ్లు కాదు. కాన్పు కష్టమైతే ఎంతసేపు మోకాళ్ల మీద ఉండి బిడ్డను తీసిందో, అది చెప్పేవాళ్లు.

మా రోజుల్లో మా చేతుల్లో వస్తువులు తక్కువ. గాజు సిరంజీలు నీళ్లలో మరిగించుకోవాలి. సూది మొన మొద్దుబారితే సానరాయి మీద అరగదీయాలి, పత్తి మీద గీసి చూసుకోవాలి, పత్తి పట్టుకుందంటే ఇంకా నున్నన కాలేదని అర్థం. రబ్బరు గ్లౌజులు కడిగి, దండెం మీద ఆరేసి, చిల్లి పడితే పాత గ్లౌజు ముక్కతో అతుకు వేసి, పౌడరు చల్లి పెట్టాలి. మధ్యాహ్నం పూట గాజుగుడ్డ కత్తిరించి మడతలు వేస్తూ కూర్చునేవాళ్లం. అప్పుడు పాడుకునేవాళ్లం. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు నాకు గుడిలో కంటే ఆ గాజుగుడ్డ బల్ల దగ్గరే ఎక్కువ వచ్చాయి.

ఇప్పుడు చూస్తున్నాను. పొద్దున ఐదింటికే ఫోన్లో వాక్యం టింగుమంటుంది. కారు వెనక అద్దం నిండా వాక్యం. ఆఫీసు బల్ల మీద వాక్యం రాసిన కప్పు. డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి వాగ్దానం కార్డు తీసుకుని, తెల్లారేలోపు దాన్ని ఫోటో తీసి అందరికీ పంపుతారు. వాక్యం కళ్లముందు ఉండటం తప్పని నేను ఎన్నడూ అనను. ఆ కప్పు పెట్టిన బల్ల దగ్గరికి పింఛను కాగితం మీద సంతకం కోసం వచ్చిన ముసలమ్మ మూడోసారి కూడా ఉత్త చేతులతో ఎందుకు తిరిగి వెళ్తోంది? నా గొడవ అంతా అదే. ఆ కప్పు అక్కడ లేకపోతే ఆమె ఆ గుమస్తాను మాత్రమే తిట్టుకునేది. ఇప్పుడు కప్పు మీద పేరున్నవాణ్ని కూడా కలిపి తిట్టుకుంటుంది.

నాకు దీని మీద ఇంత కోపం ఎందుకో చెప్పాలంటే 2011 సంగతి చెప్పాలి. మావారు బడిపంతులుగా రిటైరయ్యారు. ఆ ఏడాది వర్షాకాలంలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. దాని యజమానిది మా విశ్వాసమే. లోపలికి అడుగుపెట్టగానే గోడంత వాక్యం, పొద్దున్నే మైకులో ప్రార్థన. నా మనసు కుదుటపడింది. నాకు అప్పటికి మోకాళ్లు పాడై ఉన్నాయి, రాత్రిపూట ఆయన్ని ఒక్కదాన్నే తిప్పలేను. డ్యూటీ నర్సు చిన్న పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి. నన్ను చూడగానే "ప్రైజ్ ది లార్డ్ ఆంటీ" అంది, ఫోన్లో పాటలు వినిపించింది. మంచి పిల్ల. నాలుగో రోజు పొద్దున నేను మావారి నడుం కింద చెయ్యి పెట్టాను. తడి తగిలింది. తిప్పి చూస్తే నడుం కింద రూపాయి బిళ్లంత తోలు లేచి ఉంది. పది రోజులకి అది అరచేతంత అయింది. ఆ పుండు మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. ముప్పై ఐదేళ్లు ఎందరి వీపులకో స్పిరిట్ రాసిన నా చేతులు ఆయన వీపు కాపాడలేకపోయాయి.

ఆ పిల్లని కేకలేశాను. ఆమె ఏడ్చింది. తర్వాత కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ అంతస్తులో ఇరవై రెండు మంచాలకి రాత్రిపూట ఇద్దరే. పొద్దున వచ్చినవాళ్లని సాయంత్రం పంపకుండా మళ్లీ రాత్రి డ్యూటీ వేస్తున్నారు. రెండు నెలల జీతం రాలేదు. అడిగితే, దేవుని సేవ అనుకుని చెయ్యండి అని యజమాని చెప్పాడట. కూలివాళ్ల కూలి బిగబట్టినవాళ్ల గురించి యాకోబు పత్రికలో ఎంత ఘాటుగా ఉందో ఆయన గోడ మీద రాయించలేదు. అక్కడ రాయించాల్సింది అదే.

మా ఇంట్లో కూలి సంగతి చిన్నప్పటి నుంచీ వినేవాళ్లం. మా నాన్నకి తాతగారు బకింగ్‌హాం కాలువ తవ్వినవాడు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న క్లౌ దొర, జాన్ క్లౌ, మిషనరీ కాకముందు సర్వేయరు పని నేర్చినవాడు, కాలువలో మూడున్నర మైళ్లు ప్రభుత్వం దగ్గర కంట్రాక్టు పట్టాడు. గంజి పోయించి పంపెయ్యలేదు. పార ఇచ్చి, కొలత వేసి, కూలి లెక్కగా చేతిలో పెట్టించాడు. తన బోధకులను మేస్త్రీలుగా నిలబెట్టాడు. పగలు మట్టి లెక్క, పని అయ్యాక వాక్యం. ఆ కరువు రోజుల్లో ఎంతమంది వచ్చి అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపాడు. సహాయం పంపిణీ పూర్తయి, ఇక ఇచ్చేది ఏమీ లేదని అందరికీ తెలిశాక తలుపు తెరిచాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా వాళ్లు ఆ రోజు వాళ్లా, తర్వాత వాళ్లా అన్నది నాన్నకీ తెలియదు. కాలువ కూలి మాత్రం ఒక్క కాసు కూడా తగ్గకుండా ముట్టిందని తరతరాలుగా చెప్పుకున్నారు. మా ఇంటికి విశ్వాసం కాలువ గట్టు మీద నుంచి, కూలి డబ్బులతో కలిసి వచ్చింది. అందుకే ఆ ఆసుపత్రి యజమానిని నేను క్షమించానని చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ తొలి తరం వాళ్లు పడ్డ పాట్లు ఇప్పటి పిల్లలకి చెప్తే కథ అనుకుంటారు. క్లౌ దొర వాళ్లకి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. చెప్పులు కుట్టి, తోలు పని చేసి, ఆసామి దయ మీద బతికే మనిషి ఆదివారం రానని చెప్పడమంటే ఏమిటో ఆలోచించండి. ఏడు రోజులూ ఊరి చాకిరీ చెయ్యాల్సినవాడు, డప్పు కొట్టాల్సినవాడు, రానన్నాడు. ఊరు పని ఆపేసింది, గింజలు ఆపేసింది, చెరువు దగ్గరికి రానివ్వలేదు. అయినా సోమవారం పొద్దున్నే పనికి వెళ్లి నిలబడ్డారు. కుట్టిన చెప్పు గట్టిగా కుట్టారు. ఇప్పుడు మనకి ఆదివారం సెలవు చట్టమే ఇస్తోంది. ఆరాధన తొమ్మిదింటికైతే పదింటికి వస్తాం, సోమవారం ఆఫీసుకీ పదకొండింటికి వస్తాం.

కాగితాల్లో రాసే పేరు సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే అన్నారు. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి నేటికీ లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అంటరానితనం బాప్తిస్మం నీళ్లతో పోలేదు, ఊళ్లో మమ్మల్ని నిలబెట్టిన చోటు మారలేదు, హోదా మాత్రం పోయింది. ఇది అన్యాయమని నేను బల్ల గుద్ది చెప్తాను. అందుకే చాలామంది గుడిలో ఒక పేరు, కాగితంలో ఒక పేరు పెట్టుకున్నారు. పిల్లల చదువు కోసం అలా చేసినవాళ్లని నేను వేలెత్తి చూపను, ఆకలి నాకు తెలుసు. మా నాన్న మాత్రం ఒప్పుకోలేదు. నన్ను బడిలో వేసేటప్పుడు పంతులుగారు, "ఇంకో పేరు రాద్దామా, పిల్లకి స్కాలర్‌షిప్ వస్తుంది" అన్నారు, మా మంచికే. నాన్న కాసేపు నేల చూసి, "ఒక్క పేరే రాయండయ్యా" అన్నారు. ఆ మాటకి ఆయన రెండు ఎకరాల కౌలు అదనంగా చేశారు, నా ఫీజు కట్టడానికి. జీవితమంతా నేను ఏ రిజిస్టరులో సంతకం పెట్టినా ఆ కౌలు గుర్తొచ్చేది.

రిజిస్టరు అంటే ఇంకొకటి. గవర్నమెంటు ఉద్యోగంలో చేరాక, 1980 ప్రాంతంలో, ఒక ఆసుపత్రిలో నాకు వార్డు స్టాకు అప్పజెప్పారు. స్పిరిట్, పత్తి, గాజుగుడ్డ, కొన్ని ఇంజెక్షన్లు. కాగితంలో ఉన్నదానికీ అలమారలో ఉన్నదానికీ పొంతన లేదు. సగం బయట నర్సింగ్ హోంకి పోతోందని అందరికీ తెలుసు. నెలాఖరున ఖర్చయినట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. గొడవ చెయ్యలేదు, ఎవరి మీదా అర్జీ పెట్టలేదు, వాడిందెంతో అంతే రాశాను. నెల తిరక్కుండా బదిలీ. బస్సు దిగి నాలుగు మైళ్లు నడవాల్సిన ఊరికి. చంకలో ఏడాది కొడుకు, ఇంటి దగ్గర ఆరేళ్ల కూతురు. ఆ దారిలో నడుస్తూ చాలా ఏడ్చాను. దేవుడు వెంటనే ఏదో చేసి నన్ను వెనక్కి తెచ్చాడని సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రెండేళ్లూ అక్కడే చేశాను. అక్కడ కాన్పు చేసిన బిడ్డల్లో ఒకరిద్దరు ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తారు.

కాన్పు అంటే మామూళ్లు. మగపిల్లాడు పుడితే ఇంత, ఆడపిల్లైతే ఇంత అని రేటు ఉండేది. చెయ్యి చాపకుండా బతకడం అప్పుడూ కష్టమే, ఇప్పుడూ కష్టమే. తేడా ఎక్కడుందంటే, అప్పుడు తీసుకున్నవాడు గుడిలో వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునేవాడు. ఇప్పుడు లంచంలో దశమభాగం కానుక పెట్టెలో వేసి ముందు కుర్చీలో కూర్చుంటున్నాడు, అతని పేరు మైకులో చదువుతున్నారు. మా చిన్నప్పుడు మా పల్లెలో ఒక సారా కాంట్రాక్టరు గుడికి మైకు సెట్టు కొనిచ్చాడు. అయ్యగారు, అంటే మా సంఘకాపరి, దాన్ని ఎడ్లబండి మీద తిరిగి పంపించేశారు. ఆయన ఇంట్లో ఆ వేళ బియ్యం లేవని మా అమ్మకి తెలుసు, ఆయన భార్య, అమ్మగారు, మా ఇంటికే చేటతో వచ్చింది.

ఆమె చేటలో పోసిన బియ్యం ఎక్కడివి? మా ఇళ్లలో ప్రతి పొయ్యి పక్కనా ఒక చిన్న కుండ ఉండేది. అన్నానికి ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వెయ్యాలి. నూకలు వండుకున్న రోజు నూకలే వెయ్యాలి. ఆదివారం ఆడవాళ్లు ఆ కుండ కొంగు కింద పెట్టుకుని గుడికి తెచ్చేవాళ్లు. దానితో విధవరాళ్లు తిన్నారు, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలు తిన్నారు. ఇప్పుడు కానుక పెట్టె మీద క్యూఆర్ కోడ్ అంటించారు. డబ్బు ఎక్కువే వస్తోంది. కానీ పిడికెడు తీసిన చెయ్యికి ఆ రోజు ఇంట్లో ఎంత తగ్గిందో తెలిసేది. క్యూఆర్ కోడ్‌కి అది తెలియదు.

మా రోజులన్నీ బంగారమని నేను అనను. ఒకే ప్రభువు బల్ల దగ్గర కూర్చునే వాళ్లకి రెండు సమాధుల తోటలు ఉండేవి, కులాన్ని బట్టి. పెళ్లి సంబంధాల్లో సువార్త గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. ఆడవాళ్లకి సంఘం లెక్కల్లో మాట లేదు. అవి అప్పుడూ తప్పే. ఇప్పటికీ కొన్ని చోట్ల అలాగే ఉన్నాయని తెలిసి ఇంకా బాధపడుతున్నాను.

ఇక కష్టం వచ్చినప్పటి మాట. 1983లో మా అమ్మాయి పోయింది. తొమ్మిదేళ్లు. మెదడువాపు జ్వరం. మూడు రోజులు. నేను పనిచేసే ఆసుపత్రిలోనే, నేను వాడే థర్మామీటరుతోనే చూశాను. ఆ ఇల్లు ఎలా ఉండేదో రాయను.

మా పల్లె నుంచి బైబిలు స్త్రీ వచ్చింది. పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. తెల్ల చీర, చేతిలో గుడ్డ సంచి. జీవితమంతా ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి, మా ఇంట్లో నాలుగు రోజులు ఉండి ఒక్క వాక్యం చెప్పలేదు. వచ్చిన పూటే కొంగు బిగించి అంట్లు ముందేసుకుంది. పొయ్యి అలికింది. మా అమ్మాయి విడిచిన గౌను నేను చూడకముందే ఉతికి, మడిచి, పెట్టె అడుగున పెట్టింది, పారెయ్యలేదు. రాత్రి నా పక్కన చాప వేసుకుని పడుకునేది. నేను లేచి కూర్చుంటే తనూ లేచి కూర్చునేది. అంతే. యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద కూర్చుని నోరు విప్పలేదని ఉంది కదా. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే, నోరు తెరిచాక అంతా పాడుచేశారు. మా పెద్దమ్మ నోరు తెరవకుండానే వెళ్లిపోయింది. వెళ్లేముందు నా తల మీద చెయ్యి పెట్టింది, ఆ బరువు నాకు ఇప్పటికీ తెలుసు.

పన్నెండో రోజు డ్యూటీకి వెళ్లాను. మా హెడ్ నర్సు హిందువు, శనివారం ఉపవాసాలు చేసే మనిషి. నేను అడగకుండానే డ్యూటీ చార్టులో నన్ను మూడు నెలలు పిల్లల వార్డుకి వెయ్యలేదు. నా బదులు తనే వెళ్లి నిలబడింది. ఆమెకీ నాకూ అంతకుముందు నుంచి ఒక ఒప్పందం ఉంది. క్రిస్మస్‌కి, గుడ్ ఫ్రైడేకి ఆమె డ్యూటీ తీసుకునేది, దసరాకి, సంక్రాంతికి నేను తీసుకునేదాన్ని. రంజాన్‌కి ఇద్దరం కలిసి మాతో చేసే ముస్లిం అమ్మాయిని ఇంటికి పంపేవాళ్లం. ఇది ఎవరూ సమావేశం పెట్టి తీర్మానించలేదు. ఇప్పుడు ఆఫీసుల్లో క్రిస్మస్ కేకు కోసి ఫోటోలు దిగుతున్నారు, సంతోషమే. ఆ పక్కవాడి పండక్కి అతని డ్యూటీ మనం చేస్తున్నామా?

అలాంటి కష్టమే మళ్లీ 2011లో, మావారు మంచాన పడ్డప్పుడు, ఎలా ఉందో చెప్తాను. ఒక బోధకుడు వచ్చి మంచం పక్కన నిలబడి, "అమ్మా, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోండి" అన్నాడు. మావారికి మాట పడిపోయింది కానీ చెవులు పనిచేస్తున్నాయి. ఆయన కంటి చివర నుంచి నీళ్లు కారడం చూశాను. ఇంకొకాయన నూనె సీసా ఇచ్చి, మాత్రలు ఆపి విశ్వాసంతో రాయమన్నాడు. నేను నర్సుని కాబట్టి సీసా అలమారలో పెట్టి బీపీ మాత్ర వేళకి వేశాను. మా వీధిలో ఒకామె ఆ నూనె సీసా ఆయన మాట విని షుగరు ఇంజెక్షన్ మానేసింది. ఆమెకి ఇప్పుడు ఎడమకాలు మోకాలి నుంచి లేదు. హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పింది ప్రవక్తే. సువార్త రాసిన లూకా వైద్యుడు. పౌలు తిమోతి కడుపు జబ్బుకి ఏం తాగాలో ఉత్తరంలో రాశాడు. గ్రంథం చేతిలో పట్టుకుని మందులు మాన్పించేవాళ్లు ఈ చోట్లు చదవలేదా? చదివే దాటేస్తున్నారా?

కష్టానికి కారణం చెప్పాలన్న తొందర ఈ కాలానికి పట్టిన జబ్బు. 1977 నవంబర్ 19 తుపానుకి దివిసీమ మునిగింది. ఉప్పెన వేలమందిని ఊడ్చుకుపోయింది. మమ్మల్ని కలరా ఇంజెక్షన్లు వెయ్యడానికి అవనిగడ్డ వైపు పంపారు. తాటిచెట్ల మొవ్వుల్లో గుడ్డలు వేలాడుతున్నాయి. గొడ్లు, మనుషులు ఒకే బురదలో. అన్ని మతాలవాళ్లూ వచ్చారు, గుంటలు తవ్వారు, అన్నం వండారు. ఇది ఎవరి పాపానికి శిక్ష అని అక్కడ ఎవరైనా అనగా నేను వినలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు, జనం ఊపిరాడక పోతుంటే, కొందరు ఫోన్లో అదే పనిగా శిక్ష, శిక్ష అని వివరించారు. నాకు చెవులు మూసుకోవాలనిపించింది.

అయితే ఆ కరోనాలోనే నేను ఇంకొకటి చూశాను, అది చెప్పకపోతే అబద్ధం చెప్పినదాన్నవుతాను. మా సంఘంలో జీన్స్ వేసుకుని, గిటారు పట్టుకుని, ఆరాధనకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే కుర్రాళ్లు ఉన్నారు. వాళ్ల మీద నేను చాలాసార్లు విసుక్కున్నాను. బంధువులే దగ్గరికి రాని శవాలని వాళ్లు ఆ ప్లాస్టిక్ సూట్లు వేసుకుని మోశారు. క్రైస్తవులవే కాదు, ఎవరివైనా. మా వీధి చివరి శాస్త్రిగారిని శ్మశానం దాకా మోసి, ఆయన కొడుకు అమెరికా నుంచి ఫోన్లో చూస్తుండగా, వాళ్ల పద్ధతిలోనే జరిగేదాకా పక్కన నిలబడ్డారు. ఒక్క ఫోటో కూడా పెట్టలేదు. నాకు ఈ సంగతి శాస్త్రిగారి కోడలు చెప్తేనే తెలిసింది. ఆ రోజు నుంచి వాళ్లు ఆలస్యంగా వచ్చినా నేను తల తిప్పి చూడటం మానేశాను.

మావారు 2015లో పోయారు. నాలుగేళ్లు మంచంలోనే. పుండు మానాక మళ్లీ పడనివ్వలేదు. మోకాళ్ల నొప్పితో నేను ఒక్కదాన్నే తిప్పలేనని పక్కింటి కుర్రాడు రాత్రి పదకొండింటికి వచ్చేవాడు, ఐటీలో పని చేసి అప్పుడే ఇంటికి చేరేవాడు. తెల్లవారుజామున పాలవాడు ఒక చెయ్యి వేసేవాడు. మధ్యలో రెండింటికి మాత్రం నేనే దిండు అడ్డం పెట్టి, దుప్పటి లాగి, ఎలాగో తిప్పుకునేదాన్ని. చివరి రోజు స్నానం చేయించేటప్పుడు వీపు చూశాను. తోలు ఎక్కడా కందలేదు.

మా సంఘంలో ఇప్పుడు నలుగురు అమ్మాయిలు నర్సింగ్ చదువుతున్నారు. కాలేజీలో బొమ్మ మీద నేర్పుతున్నారట, మంచిదే. అమ్మాయిలూ, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి రండి. మావారి ఇనుప మంచం ఇంకా ముందు గదిలోనే ఉంది, రెండు తెల్ల దుప్పట్లు ఉతికి పెట్టాను. మంచం మీద నేను పడుకుంటాను. నన్ను తిప్పుతూ, ముడత లేకుండా పక్క పరవడం నేర్చుకుని వెళ్లండి.